ఉగ్గు గిన్నె కనిపిస్తే చాలు, పాప ఏడుపు మొదలుపెడుతోంది

ప్రశ్న: డాక్టర్ గారూ, మా పాపకు ఏడున్నర నెలలు. ఆరు నెలలు నిండేవరకు నా పాలు తప్ప ఇంకేమీ పట్టలేదు. ఏడో నెలలో అన్నప్రాశన చేశాం. ఆ రోజు పాయసం చప్పరించింది. తర్వాత నుంచి ఉగ్గు, రాగి జావ, పప్పుకట్టు, అరటిపండు గుజ్జు ఏది పెట్టినా నాలుకతో బయటికి తోసేస్తోంది. ఇప్పుడైతే గిన్నె, చెంచా కనబడితేనే పెదాలు బిగించి ఏడుస్తోంది. అలా వదిలేస్తే పిల్ల చిక్కిపోతుందని మా అత్తయ్య కాళ్ల మీద పడుకోబెట్టుకుని ఉగ్గు పోస్తున్నారు. అందులో సగం కక్కేస్తోంది. మావారు ఫోన్‌లో పాటలు పెడితే నాలుగు చెంచాలు లోపలికి పోతున్నాయి. పుట్టినప్పుడు 2.8 కేజీలు, ఆరు నెలలకు 6.9, మొన్న తూయిస్తే 7.3 ఉంది. పక్కింటి బాబుది ఇదే వయసు, గిన్నెడు కిచిడీ తింటాడు. మేం గుడ్డు కూడా ముట్టని శాకాహారులం. నెల రోజుల్లో నేను డ్యూటీలో చేరాలి. నా పాలు మాన్పిస్తే ఆకలికి తనే తింటుందని అందరూ అంటున్నారు. నిజమేనా? నేనేమైనా తప్పు చేస్తున్నానా? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఒక తల్లి, తణుకు

జవాబు: అమ్మా, ముందు బరువు సంగతి చూద్దాం, మీ ఇంట్లో అందరి కంగారూ దాని గురించే కాబట్టి. నెలన్నరలో మీ పాప 400 గ్రాములు పెరిగింది. ఆరు నెలల తర్వాత ఆడపిల్లలు నెలకు దాదాపు 300 గ్రాములే పెరుగుతారు. మొదటి మూడు నెలల్లో ఉన్న వేగం ఇప్పుడు ఏ పిల్లకూ ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ పట్టిక ప్రకారం ఏడు నెలల ఆడపిల్ల సగటు బరువు 7.6 కేజీలు. 6 కేజీల కంటే తగ్గితేనే తక్కువ బరువు అంటాం. మీ పాప 7.3 ఉంది. మీ దగ్గరున్న తల్లీబిడ్డల రక్షణ కార్డులో ఎదుగుదల గీతలు ఉంటాయి. ఈ మూడు బరువులనూ అక్కడ చుక్కలుగా పెట్టించి కలపమని అంగన్‌వాడీ టీచర్‌ని అడగండి. ఆ గీత పైకే పోతోందని మీ కళ్లతో మీరే చూస్తారు, మీ అత్తయ్యగారికీ చూపించొచ్చు. పిల్ల చిక్కిపోలేదు. అంటే మనకు టైముంది. ఇవాళే, ఈ పూటే ఎలాగోలా కడుపు నింపేయాల్సిన అత్యవసరం ఏమీ లేదు.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం ఇంకొకటి ఉంది. గిన్నె, చెంచా కనబడితేనే ఏడుస్తోందని రాశారు. రుచి నచ్చకపోతే పిల్లలు నోట్లో పెట్టుకున్నాక మొహం చిట్లిస్తారు, ఉమ్మేస్తారు. నోట్లో ఏమీ పెట్టకముందే ఏడుస్తున్నారంటే వాళ్లకు గుర్తొస్తున్నది రుచి కాదు, తర్వాత జరగబోయేది. వెల్లకిలా పడుకోబెట్టడం, చేతులు కదలకుండా పట్టుకోవడం, ఊపిరి తీసుకునే సందు లేకుండా గొంతులో పోయడం. పాప భయపడుతున్నది వీటికి. ఈ భయం పోనంతవరకు మీరు ఎంత రుచిగా వండినా లాభం లేదు. అందుకే ఏం పెట్టాలన్నది తర్వాత చెబుతాను.

కాళ్ల మీద పడుకోబెట్టి పోయడం ఇవాళ్టి నుంచే ఆపేయాలి. ఈ విషయంలో నేను మొహమాటపడను. పడుకుని ఉన్న బిడ్డ ఏడుస్తూ గాలి లోపలికి లాగేటప్పుడు నోట్లో ఉన్న ఉగ్గు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అలా పోయి న్యుమోనియాతో వచ్చే పిల్లలను మేం ఆసుపత్రుల్లో చూస్తూనే ఉంటాం. కొన్ని ఇళ్లలో ముక్కు కూడా మూస్తారు. నోరు తెరిచి మింగుతుందని అనుకుంటారు గానీ, బిడ్డ అప్పుడు నోరు తెరిచేది ఊపిరి కోసం. ఆ క్షణంలో పోసింది ఎటైనా పోవచ్చు. మీ అత్తయ్యగారు ప్రేమతోనే చేస్తున్నారు, వాళ్ల పెద్దవాళ్లు నేర్పిందే చేస్తున్నారు. ఆవిడతో ఎలా మాట్లాడాలో కూడా చెబుతాను.

మూడు నాలుగు రోజులపాటు పాపకు ఏమీ పెట్టకండి. నా పాలు ఒక్కటే ఎలా సరిపోతాయని భయపడొద్దు, ఈ నాలుగు రోజులకూ సరిపోతాయి. ఆ ఉగ్గు గిన్నె, ఆ చెంచా లోపల పెట్టేసి వేరే రంగు గిన్నె, మెత్తటి అంచున్న చిన్న చెంచా తీసుకోండి. ఈ రోజుల్లో మీరు చేయాల్సింది ఒక్కటే. ఇంట్లో అందరూ భోంచేసేటప్పుడు పాపను మీ ఒళ్లో నిటారుగా కూర్చోబెట్టుకుని మీరు తినండి. ఆమె ముందు ఒక ఖాళీ చెంచా వేయండి. నోట్లో పెట్టుకుంటుంది, కింద పడేస్తుంది, మళ్లీ అడుగుతుంది. ఆమెకు ఎవరూ ఏమీ పెట్టకూడదు, 'తిను తిను' అనకూడదు, ఆమె వైపే చూస్తూ కూర్చోకూడదు. మీ చేయి కంచంలోంచి నోటికి వెళ్లడాన్ని ఆమె కళ్లు వెంబడిస్తాయి. చాలామంది పిల్లలు రెండో రోజుకో మూడో రోజుకో కంచం మీదికి వంగుతారు, చెయ్యి పెట్టబోతారు. ఆ వంగడం కోసమే మనం ఎదురుచూస్తున్నాం.

ఆ తర్వాత రోజుకు ఒక్క పూటతో మొదలుపెట్టండి. ఏ పూట అన్నది ముఖ్యం. నిద్ర లేచి, ఉల్లాసంగా ఉండి, పాలు తాగి గంట, గంటన్నర అయిన సమయం మంచిది. పూర్తిగా ఆకలి మీద ఉన్న బిడ్డకు చెంచాతో కుస్తీ పట్టే ఓపిక ఉండదు, ఆమెకు పాలే కావాలి. పాలు నిండుగా తాగిన బిడ్డకు అసలు అక్కర్లేదు. ఒళ్లో గానీ, గోడకు దిండు ఆనించి నేల మీద గానీ నిటారుగా కూర్చోబెట్టి మీరు ఎదురుగా, ఆమె కళ్లకు సమానంగా కూర్చోండి. చెంచా చివర కొంచెం తీసుకుని పెదాలకు బెత్తెడు దూరంలో ఆపండి. అక్కడే ఆగాలి. ఆమె చూస్తుంది, మీ మొహం చూస్తుంది, మళ్లీ చెంచా చూస్తుంది. నోరు తెరిస్తే కింది పెదవి మీద చెంచా ఆనించండి, పై పెదవితో ఆమె లాక్కుంటుంది. చెంచాను పైకెత్తి పై చిగురుకు రుద్ది తియ్యొద్దు. మొహం తిప్పుకుంటే చెంచా కిందికి దించండి. కాసేపాగి ఇంకోసారి చూపించండి. మళ్లీ తిప్పుకుంటే 'అయిపోయింది, చాలు' అని నవ్వుతూ మూతి తుడిచి దించేయండి. ఒక్క చెంచాతో ఆగిపోయినా సరే, అసలేమీ తినకపోయినా సరే. పావుగంట, మహా అయితే ఇరవై నిమిషాలు, అంతకంటే సాగదీయొద్దు.

ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి అన్నవి మీ చేతిలో ఉన్నాయి. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పాపకు వదిలేయండి. తల్లులకు ఇది చాలా కష్టంగా ఉంటుందని నాకు తెలుసు. కానీ తాను మొహం తిప్పుకుంటే అమ్మ ఆపుతుంది అని పాపకు నమ్మకం కుదిరిన రోజున నోరు తెరవడం మొదలవుతుంది. ఇది చాలా ఇళ్లలో చూశాను కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

నాలుకతో బయటికి తోసేయడం గురించి రాశారు. పాలు చీకేటప్పుడు నాలుక ముందుకూ వెనక్కీ కదులుతుంది. ఆరు నెలలుగా ఆ నాలుకకు తెలిసిన పని అదొక్కటే. ముద్దను నోటి వెనక్కి తీసుకెళ్లి మింగడం కొత్త విద్య. అది వచ్చేదాకా సగం గడ్డం మీదే ఉంటుంది. మొహం చిట్లించడం కూడా అంతే, కొత్త రుచికి పిల్లల మొహం అలాగే అవుతుంది. అది 'వద్దు' అని చెప్పడం కాదు. చిట్లించిన మొహంతోనే మళ్లీ నోరు తెరిచే పిల్లలు ఎందరో. ఒక కొత్త పదార్థాన్ని పిల్లలు ఒప్పుకోవడానికి ఎనిమిది, పది సార్లు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువసార్లు రుచి చూడాల్సి వస్తుంది. మీరు నెలన్నరలో ఉగ్గు, జావ, పప్పుకట్టు, అరటిపండు అన్నీ మార్చి మార్చి పెట్టారు. పాపకు ఏదీ పరిచయం అయ్యేంత వ్యవధి దొరకలేదు. ఇప్పుడు ఒక్కటే తీసుకుని మూడు నాలుగు రోజులు అదే పెట్టండి. తర్వాత దాన్ని ఉంచుతూనే ఇంకొకటి కలపండి.

ఆ ఒక్కటి ఏదంటే, ఉగ్గే పెట్టండి. కానీ పల్చగా కాదు. రెండు కప్పుల బియ్యానికి ఒక కప్పు పెసరపప్పు తీసుకుని కడిగి, నీడలో గుడ్డ మీద ఆరబోయండి. బాగా ఆరాక విడివిడిగా సన్నటి సెగ మీద వేయించండి. పప్పు వాసన రావాలి, రంగు మారకూడదు. మిక్సీలో సన్నటి రవ్వగా పట్టి, తడి తగలని డబ్బాలో పోయండి. కొద్దికొద్దిగా, వారానికి సరిపడా చేసుకుంటే కమ్మగా ఉంటుంది. ఒక వంతు పొడికి ఆరు వంతుల నీళ్లు. ముందు చల్లటి నీళ్లలో ఉండ కట్టకుండా కలిపి, తర్వాత పొయ్యి మీద పెట్టి ఎనిమిది, పది నిమిషాలు తిప్పుతూ ఉడికించండి. దించాక ఒక టీ స్పూన్ నెయ్యి వేయండి. గోరువెచ్చగా అయ్యాక చెంచాతో తీసి వంచి చూడండి. నీళ్లలా జారిపోతే పల్చన, కదలకుండా అంటుకుపోతే గట్టి. మెల్లగా ముద్దగా జారితే సరిగ్గా ఉన్నట్టు. మరీ గట్టిపడితే మీ పాలే కొంచెం పిండి కలపండి. ఆ రుచి పాపకు ఎప్పటినుంచో తెలుసు, కొత్తదనం బెరుకు తగ్గుతుంది.

చిక్కదనం గురించి ఇంత చెప్పడానికి కారణం ఉంది. ఏడు కేజీల బిడ్డ పొట్టలో ఒకసారికి పట్టేది దాదాపు 200 మిల్లీలీటర్లు. దాన్ని పప్పుకట్టుతోనో, చారు నీళ్లతోనో నింపేస్తే పొట్ట నిండుతుంది గానీ బిడ్డకు అందేది దాదాపు ఏమీ ఉండదు. పప్పు బలమంతా కింద దిగిన పప్పులో ఉంటుంది, పైన తేరిన నీటిలో కాదు. మన ఇళ్లలో ఆ తేటను బిడ్డకు పట్టి, అసలు పప్పును పెద్దవాళ్లు తింటారు. పప్పునే మెత్తగా మెదిపి పెట్టండి. 'అరగదు' అంటారు. ఆరు నెలలు నిండిన బిడ్డకు మెత్తగా ఉడికిన పప్పు చక్కగా అరుగుతుంది.

ఇక ఎంత తినాలి? మీకు ఊరటనిచ్చే లెక్క ఇది. ఆరు నుంచి ఎనిమిది నెలల వయసులో తల్లిపాలు తాగే బిడ్డకు బయటి ఆహారం నుంచి రావాల్సింది రోజంతటికీ కలిపి సుమారు 200 క్యాలరీలు మాత్రమే. మిగతాదంతా మీ పాల నుంచే వస్తుంది. పైన చెప్పిన ఉగ్గు పొడి 25 గ్రాములు, అంటే రెండు మూడు టేబుల్ స్పూన్లు, దాదాపు 90 క్యాలరీలు ఇస్తుంది. ఒక టీ స్పూన్ నెయ్యి 45. సగం చిన్న అరటిపండు ఇంకో 40. లెక్క దాదాపు అక్కడికక్కడే సరిపోయింది. రోజు మొత్తం మీద రెండు మూడు పూటలుగా ఇంత తింటే చాలు. అది కూడా చేరుకోవాల్సిన లెక్క, రేపటికే తినాల్సింది కాదు. మొదటి వారం పూటకు రెండు చెంచాలు తింటే నేను సంతోషిస్తాను. తొమ్మిది నెలలకు అర కప్పు చొప్పున మూడు పూటలకు వస్తే బాగున్నట్టే. పక్కింటి బాబు గిన్నెడు కిచిడీ అతని ఆకలి. ఆ గిన్నెలో నీళ్లెన్ని, అన్నం ఎంతో కూడా మనకు తెలియదు. దాంతో మీ పాపను పోల్చకండి.

రాగి జావ మానేయమని అనను. రాగులు నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, సన్నటి సెగ మీద వేయించి పట్టించిన పిండి ఇంట్లో ఉంచుకోండి. మొలకల్లో పిండి పదార్థాన్ని విడగొట్టే ఎంజైమ్ తయారవుతుంది. చిక్కగా వండిన ఉగ్గు తాగగలిగేంత వేడికి వచ్చాక ఈ పిండి అర చెంచా కలిపి, ఒకసారి మళ్లీ కాచి దించితే ఉగ్గు జారుగా మారుతుంది, నీళ్లు పోయకుండానే. బలం తగ్గదు, మింగడం తేలికవుతుంది. చిక్కటిది నోట్లో అంటుకుని ఇబ్బందిపడే పిల్లలకు ఇది చాలా బాగా పనిచేస్తుంది.

ఏడాది నిండేదాకా ఉప్పు, పంచదార, బెల్లం వద్దు. మన నాలుకకు చప్పగా ఉన్నది పాపకు చప్పన కాదు, ఆమెకు ఉప్పు రుచే ఇంకా తెలియదు. చిటికెడు జీలకర్ర పొడి, కాస్త ఇంగువ, కరివేపాకు వేసి కాచిన నెయ్యి వాడుకోవచ్చు. తేనె మాత్రం ఏడాదిలోపు చుక్క కూడా నాకించవద్దు. నోట్లో వస అరగదీసి తేనెతో రాయడం కూడా ఇందులోకే వస్తుంది. తేనెలో ఉండగల ఒక రకం బాక్టీరియా పసిపిల్లల పేగుల్లో పెరిగి విషం తయారుచేస్తుంది, బిడ్డ ఒళ్లంతా చచ్చుబడిపోయే ప్రమాదం ఉంది. అరటిపండు పెడితే జలుబు, పెరుగు పెడితే దగ్గు అంటారే, ఆ భయాలు పెట్టుకోకండి. జలుబు వైరస్ వల్ల వస్తుంది. ఇంట్లో తోడుపెట్టిన తాజా పెరుగు అన్నంలో మెదిపి పెట్టొచ్చు. ఆవుపాలు, గేదెపాలు గ్లాసులతో తాగించడం మాత్రం ఏడాది తర్వాతే.

ఇప్పుడు మీరు శ్రద్ధగా చదవాల్సిన విషయానికి వస్తాను. మీరు గుడ్డు కూడా తినరు. బీ12 విటమిన్ మొక్కల నుంచి రాదు. పాలు, పెరుగు, గుడ్లు, మాంసం, చేపల్లోనే ఉంటుంది. శాకాహారి తల్లి పాలు పెరుగులు కూడా అంతంతమాత్రంగా తీసుకుంటే ఆమె ఒంట్లో నిల్వలు తగ్గుతాయి. ఆమె పాలలోనూ తగ్గుతుంది. తల్లిపాలు మాత్రమే తాగే బిడ్డకు ఆరేడు నెలలు వచ్చేసరికి లోటు బయటపడుతుంది. ఆ లోటు వల్ల వచ్చే లక్షణాల్లో ఒకటి, ఘనాహారం ముట్టకపోవడం. మన దేశంలో పిల్లల డాక్టర్లకు బాగా తెలిసిన బిడ్డ ఇది: చూడటానికి బొద్దుగానే ఉంటుంది, పాలు తప్ప ఏమీ తీసుకోదు, ఒళ్లు పాలిపోయి ఉంటుంది, వేళ్ల కణుపుల మీద చర్మం నల్లబడుతుంది, జుట్టు పల్చబడి గోధుమరంగుకు తిరుగుతుంది, ఇదివరకు నవ్వినట్టు నవ్వదు, బోర్లాపడిన పిల్ల పడటం మానేస్తుంది. ముదిరితే చేతులు, తల వణుకుతాయి. మీ పాపకు ఇదే ఉందని నేను అనడం లేదు. ఫోన్ పాటకు నాలుగు చెంచాలు తింటోంది, బరువు పెరుగుతోంది. అయినా వెలుతురులో కూర్చుని ఆ చిట్టి వేళ్ల కణుపులు, అరచేతులు, కింది కనురెప్ప లోపలి రంగు ఒకసారి చూడండి. ఎలా ఉన్నా సరే, పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు మేం శాకాహారులం అని మీరే ముందుగా చెప్పండి. పాపకు అవసరమైతే రక్తపరీక్ష చేస్తారు. మీరు కూడా బీ12, హిమోగ్లోబిన్ చూపించుకోండి. లోటు ఉంటే చుక్కలతోనో ఇంజెక్షన్లతోనో సరిచేయొచ్చు. ఆకలి కూడా తిరిగొస్తుంది.

ఇనుము సంగతీ ఇలాంటిదే. కడుపులో ఉన్నప్పుడు తల్లి నుంచి తెచ్చుకున్న ఇనుము ఆరో నెలకు అడుగంటుతుంది. తల్లిపాలలో ఇనుము తక్కువ. రక్తం తగ్గితే ఆకలి మందగిస్తుంది, తినకపోతే రక్తం ఇంకా తగ్గుతుంది. ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు పిల్లలకు వారానికి రెండుసార్లు ఒక మిల్లీలీటర్ చొప్పున ఐరన్ సిరప్ ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోంది. ఆశా కార్యకర్తను గానీ ఏఎన్ఎంను గానీ అడగండి. డాక్టర్ వేరే మోతాదు చెబితే అదే పాటించండి, రెండూ కలిపి వేయొద్దు. వంటలో అయితే పెసరపప్పు, కందిపప్పు, మెత్తగా ఉడికించిన తోటకూర, మునగాకు కలపండి, చివర్లో నాలుగు చుక్కల నిమ్మరసం పిండండి. ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుము ఒంటికి పట్టడానికి నిమ్మరసం సాయం చేస్తుంది. పల్లీలు, నువ్వులు మెత్తటి పొడిగానో ముద్దగానో చేసి కొంచెం కొంచెంగా కలపొచ్చు. పల్లీలను ఆలస్యం చేస్తే ఎలర్జీ తప్పుతుందని ఒకప్పుడు అనుకునేవాళ్లం. తొందరగా పరిచయం చేసిన పిల్లల్లోనే పల్లీల ఎలర్జీ తక్కువని 2015లో వచ్చిన పరిశోధన తేల్చింది. ఇంట్లో గుడ్డు, మాంసం తినేవాళ్లు ఈ జవాబు చదువుతుంటే, మీ బిడ్డకు ఆరు నెలలు నిండాక బాగా ఉడికిన గుడ్డు తెల్లసొనతో సహా, ముల్లు లేని చేప, మెత్తగా ఉడికించి రుబ్బిన మాంసం నిశ్చింతగా మొదలుపెట్టండి.

ఫోన్ గురించి. నాలుగు చెంచాలు లోపలికి పోవడం నిజమే గానీ, ఆ నాలుగు చెంచాలూ తాను తింటున్నట్టు పాపకు తెలియదు. ఆకలి, రుచి, కడుపు నిండటం నేర్చుకోవాల్సిన సమయంలో ఆమె దృష్టి తెర మీద ఉంది. ఏడాది తిరిగేసరికి ఫోన్ లేకపోతే నోరు తెరవని పిల్ల అవుతుంది. రెండేళ్లలోపు పిల్లలకు స్క్రీన్ చూపించవద్దని ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెబుతోంది. దూరాన ఉన్న బంధువులతో వీడియో కాల్ మాట్లాడించడం వేరే సంగతి. మీవారిని పాటలు పాడమనండి, గొంతు ఎలా ఉన్నా పాపకు నచ్చుతుంది. అది కూడా తిండి అయ్యాక.

పాలు మాన్పిస్తే ఆకలికి తింటుందనే మాట వినకండి. ఈ వయసులో బిడ్డ బలంలో సగానికి పైగా పాల నుంచే వస్తుంది. అవి తీసేస్తే తినడం రాని బిడ్డ ఆకలితో మిగులుతుంది, తినడం నేర్చుకోదు. రెండేళ్లు, ఆ పైన కూడా పాలివ్వొచ్చు. డ్యూటీలో చేరాక పొద్దున్నే వెళ్లేముందు, రాగానే, రాత్రుళ్లు పాలివ్వండి. మధ్యలో పిండి పెట్టిన పాలు మామూలు గది ఉష్ణోగ్రతలో నాలుగు గంటలు, ఫ్రిజ్‌లో ఒక రోజు ఉంటాయి. మన ఎండాకాలంలో మాత్రం ఆ నాలుగు గంటలూ బయట పెట్టొద్దు, వెంటనే ఫ్రిజ్‌లో పెట్టేయండి. సీసా కాకుండా చిన్న గ్లాసుతో, కూర్చోబెట్టి పట్టమనండి. అన్నట్టు, మీరు లేనప్పుడు అత్తయ్యగారి చేతితో పాప బాగానే తినొచ్చు. అమ్మ కనబడితే పాలు గుర్తొస్తాయి, వేరేవాళ్లు పెడితే ఆ పేచీ ఉండదు.

అందుకే ఆవిడను మన వైపు తెచ్చుకోవడం చాలా అవసరం. మీరు చేసేది తప్పు అని మొదలుపెట్టకండి. బరువు గీత చూపించి, డాక్టర్ కూర్చోబెట్టి పెట్టమన్నారు అత్తయ్యా అని నా మీద పెట్టి చెప్పండి. ఉగ్గు పొడి వేయించడం, రాగులు మొలకెత్తించడం ఆవిడకే అప్పగించండి. ఆ చేతివాటం మీకంటే నాకంటే ఆవిడకే బాగా తెలుసు. మధ్యాహ్నం పూట పెట్టే బాధ్యత కూడా ఆవిడకే ఇవ్వండి, గోరుముద్దలు పెట్టడం వాళ్లకు వచ్చినట్టు మనకు రాదు. షరతు ఒక్కటే, పాప మొహం తిప్పుకుంటే ఆపేయాలి. దిష్టి తగిలిందని ఎర్రనీళ్లు తీస్తానంటే తీయనివ్వండి, అందులో బిడ్డకు వచ్చే నష్టమేమీ లేదు.

రెండు మూడు వారాల్లో మెత్తటి ఉగ్గు అలవాటయ్యాక అక్కడే ఆగిపోకండి. మిక్సీ పక్కన పెట్టి చేత్తో మెదిపిన అన్నం, పప్పు, ఉడికించిన చిలగడదుంప, గుమ్మడికాయ పెట్టండి, చిన్న చిన్న పలుకులు తగలాలి. తొమ్మిది, పది నెలల లోపు పలుకులు అలవాటు కాని పిల్లలు తర్వాత నమలడానికి మొరాయిస్తారు. వేలి పొడవున మెత్తగా ఉడికిన క్యారెట్ ముక్క, ఇడ్లీ ముక్క చేతికివ్వండి. చెంచాను తిరస్కరించిన పిల్లలు కొందరు తమ చేత్తో అయితే తింటారు. ఈ దశలో ఓకరింపు వస్తుంది, మొహం ఎర్రబడుతుంది, దగ్గుతుంది, కళ్లలో నీళ్లు వస్తాయి. శబ్దం వస్తోందంటే గాలి ఆడుతోందని అర్థం. కంగారుగా వేలు పెట్టి తీయకండి, పక్కనే ఉండండి, తనే సర్దుకుంటుంది. శబ్దం లేకుండా, దగ్గలేక, పెదాలు నీలంగా మారితే అది గొంతుకు అడ్డుపడటం. అప్పుడు బిడ్డను ముంజేతి మీద బోర్లా, తల కిందికి ఉండేలా పట్టుకుని రెండు రెక్కల మధ్య అరచేతి మడమతో ఐదు దెబ్బలు, తర్వాత వెల్లకిలా తిప్పి రొమ్ము ఎముక మీద రెండు వేళ్లతో ఐదు నొక్కులు, అడ్డం పోయేదాకా మార్చి మార్చి చేయాలి. ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. బిడ్డ స్పృహ తప్పితే ఫోన్‌లో వాళ్లు చెప్పినట్టు సీపీఆర్, అంటే ఛాతీ నొక్కుతూ నోటితో ఊపిరి ఊదడం, మొదలుపెట్టాలి. ఇది ఇంట్లో అందరూ నేర్చుకోండి. వేయించిన శనగలు, పల్లీ గింజలు, మరమరాలు, పాప్‌కార్న్, గుండ్రటి ద్రాక్ష, పచ్చి క్యారెట్, యాపిల్ ముక్కలు ఇవ్వొద్దు, సపోటా, సీతాఫలం గింజలు నోటి దరిదాపులకు రానివ్వొద్దు.

ఆకలి పుట్టించే సిరప్ ఎవరైనా చెప్పినా వేయకండి. వాటిలో సాధారణంగా ఉండే మందు రెండేళ్లలోపు పిల్లలకు ఇవ్వకూడనిది. గ్రైప్ వాటర్ అవసరం లేదు. పాలలో ముంచిన బిస్కెట్ తింటోంది కదా అని అలవాటు చేస్తే తీపి తప్ప ఏదీ ముట్టదు. అంగన్‌వాడీలో ఇచ్చే బాలామృతం ఏడు నెలలు దాటిన పిల్లల కోసం చేసిందే. గోధుమ, శనగపప్పు, పాలపొడి ఉంటాయి, బలమైనదే. అందులో పంచదార కూడా ఉంటుంది కాబట్టి ఒక పూటకు మించి వద్దు, అదీ ఇంటి తిండి కాస్త అలవాటయ్యాక.

కొన్ని కనిపిస్తే మాత్రం ఇవేవీ ప్రయత్నిస్తూ కూర్చోకండి. పాలు తాగేటప్పుడు కూడా ప్రతిసారీ పొలమారడం, తాగాక గొంతులో గరగర శబ్దం రావడం, తల ఇంకా నిలబడకపోవడం, ఆసరా ఇచ్చినా కూర్చోలేకపోవడం, బరువు ఆగిపోవడం లేదా తగ్గడం, రోజూ వాంతులు, పైన చెప్పిన కణుపుల నలుపు, పాలిపోవడం, హుషారు తగ్గడం, ఉచ్చ బాగా తగ్గిపోవడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే డాక్టర్‌కి చూపించండి. ఇవేవీ లేకపోతే తొమ్మిది నెలలు నిండగానే ఎంఆర్ (తట్టు, రుబెల్లా) టీకాకు, విటమిన్ ఏ మొదటి మోతాదుకు ఎలాగూ వెళ్లాలి. ఆ రోజు బరువు తూయించి కార్డులో నాలుగో చుక్క పెట్టించండి. అప్పటికి కూడా రెండు చెంచాలకు మించి తినకపోతే ఆ కార్డు తీసుకుని పిల్లల డాక్టర్ దగ్గరికి వెళ్లండి.